సవరణ: కీళ్ల నొప్పులకు మందు విశ్రాంతి కాదు

రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాతి ఒళ్లు నొప్పుల గురించి ఇదివరకు రాసినప్పుడు "లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవారు నొప్పి తగ్గేదాకా విశ్రాంతిగా ఉండాలి" అన్నాం. అది తప్పు, మన్నించండి. క్యాన్సర్ తిరిగి రాకుండా ఇచ్చే ఈ మాత్రలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను బాగా తగ్గించేస్తాయి. అందుకే పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి పట్టదు. కదలకపోతే ఆ బిగువు ఇంకా ముదురుతుంది. 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, మెల్లగా వారానికి 150 నిమిషాలకు పెంచండి. కండరాల వ్యాయామం వారానికి రెండుసార్లు. చేయి వాపు ఉంటే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. మాత్రను మాత్రం సొంతంగా ఆపొద్దు, డాక్టరు మరో మందుకు మార్చగలరు. ఒకేచోట ఎముక నొప్పి వదలకుండా ఉంటే వెంటనే డాక్టరుకు చెప్పండి.

"నిద్ర రాకున్నా మంచం దిగొద్దు" అన్నదీ సరికాదు. 20 నిమిషాలైనా కన్ను మూతపడకపోతే లేచి మసక వెలుతురులో కూర్చోండి, కునుకు ముంచుకొస్తేనే పడుకోండి.