మన ఇల్లు ఎటుంది?

హైదరాబాద్‌లో ఊరంతా బాగా కనిపించే చోటు ఏదో తేల్చమని చుట్టాలు పోరుతున్నారు. ఇదేం ఆషామాషీ వ్యవహారం కాదు. అందుకే మోకాళ్ళకు బామ్ పట్టించి, వరసగా నాలుగు ఆదివారాలు ఎత్తులన్నీ ఎక్కి దిగాను. ముందు కొలబద్ద చెబుతాను. మనవాళ్ళు ఎంత ఎత్తు ఎక్కినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “మన ఇల్లు ఎటుంది?” ఇల్లు కనిపిస్తే మంచి చోటు. లేకపోతే “ఏముందండీ అక్కడ, ఎండ తప్ప!”

ఈ లెక్కన 1591లో కట్టిన చార్మినార్‌కు పాస్ మార్కులు రావు. ఇరుకు మెట్లు తిరిగి తిరిగి మొదటి అంతస్తు చేరాక, ఒకవైపు మక్కా మసీదు, ఇంకోవైపు లాడ్‌బజార్. కూకట్‌పల్లి నుంచి వచ్చిన పెద్దాయన అన్ని వైపులా చూసి పెదవి విరిచారు.

బిర్లా మందిర్ ఉన్న నౌబత్ పహాడ్ నయం. ఒకప్పుడు నగారాలు మోగించి ఫర్మానాలు చాటిన కొండ. ఇప్పుడు ఫోన్లు కిందే డిపాజిట్ చేయాలి. ఎదురుగా హుస్సేన్ సాగర్, నడుమ బుద్ధుడు, చేతిలో ఫోన్ లేదు. నా పక్కనున్న కుర్రాడు జేబు రెండుసార్లు తడుముకుని, గత్యంతరం లేక చూశాడు.

అసలు సరుకు గోల్కొండ. దాదాపు 360 మెట్లెక్కితే కోట కొసన ఉన్న మంటపం, బాలా హిస్సార్. కింద ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైకి వినిపించేలా కట్టారు. ఇప్పుడు అందరూ కిందే ఉండి కొడుతున్నారు, వినడానికి పైన ఎవరూ లేరు. ఆషాఢంలో బోనం నెత్తిన పెట్టుకుని ఆ మెట్లెక్కే ఆడవాళ్ళు మాత్రం వ్యూ ఊసే ఎత్తరు. శత్రువు మైళ్ళ దూరాన ఉండగానే కనిపించే చోటది. అయినా 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, ఔరంగజేబు సేన లోపలివాళ్ళు తలుపు తీస్తేనే వచ్చింది. అంత ఎత్తు నుంచి గుర్రాలు కనిపిస్తాయి గానీ, గొళ్ళెం మీద చెయ్యి కనిపించదు కదా.

మా బావమరిది ఈ తిప్పలేవీ పడలేదు. ‘గోల్కొండ వ్యూ’ అని బ్రోషర్‌లో చూసి, ఆ వ్యూకి అదనంగా డబ్బు కట్టి, ఇరవై రెండో అంతస్తులో ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశం రోజు బాల్కనీలోంచి కోట నిజంగానే కనిపించింది. ఏడాది తిరక్కుండా ఎదురుగా ఇంకో టవర్ లేచింది. ఇప్పుడు కనిపించేది ఎదురింటాయన ఆరేసిన లుంగీ. అదీ వారానికి రెండుసార్లే.

పట్టుదల గల మనిషి. మొన్న నాతోపాటు బాలా హిస్సార్ ఎక్కి, రొప్పుతూ తన ఫ్లాట్ కోసం వెతికాడు.

“ఏమైనా కనిపించిందా?” అన్నాను.

“లుంగీ ఇటువైపు ఆరేసుకోడు బావా,” అన్నాడు.