స్కూటర్ గురుకులం: ప్రవేశాలు జరుగుతున్నాయి

పిల్లలకు దౌర్జన్యం నేర్పే కోచింగ్ సెంటర్ ఇంకా రాలేదని బెంగపడే హైదరాబాద్ తల్లిదండ్రులకు ఊరట. ఒక నాన్న, ఒక స్కూటర్, అయిదు నిమిషాల్లో మూసేసే స్కూలు గేటు ఉంటే చాలు.

విద్యార్థిని ముందు ఫుట్‌బోర్డు మీద నిలబెట్టాలి. వెనక కూర్చోబెడితే నాన్న వీపు తప్ప పాఠం కనపడదు. యూటర్న్ అర కిలోమీటరు దూరమైతే రాంగ్ రూట్లో ఎలా దూరాలో, సరైన దారిన ఎదురొచ్చేవాణ్ణి "కళ్లు కనబడట్లేదా?" అని మనమే ఎందుకు గద్దించాలో ముందు నిలబడ్డవాడికే తెలుస్తుంది. వరస తప్పకూడదు: హారన్, గుడ్లురమడం, ఆ తర్వాతే తిట్టు. తిట్టి హారన్ కొడితే అవతలివాడి జవాబు మనకే వినపడదు.

దీనికి శాస్త్రం లేదనుకునేరు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా బృందం ఆరేళ్లలోపు పిల్లల్ని 72 మందిని తీసుకుంది. వాళ్లలో 24 మంది ఎదుట పెద్దవాళ్లు ఓ గాలిబొమ్మను సుత్తితో బాది, తన్ని, తిట్టారు. తర్వాత మంచి బొమ్మలు చూపించి, ఆట రుచి తెలిసేలోగా "ఇవి వేరేవాళ్లకి" అని లాగేసుకున్నారు. అలా ఉడికించి, గాలిబొమ్మ ఉన్న గదిలో 20 నిమిషాలు వదిలారు. ఎవరూ చెప్పకుండానే అదే సుత్తి, అవే తన్నులు, కొందరి నోట అవే మాటలు. శాంతంగా ఆడుకునే పెద్దల్ని చూసినవాళ్లకు ఈ తెలివి పెద్దగా అబ్బలేదు, పాపం. మనకు ఉడికించే ఖర్చు లేదు, రెడ్ సిగ్నల్ ఉంది. బొమ్మ ఖర్చూ లేదు, డెలివరీ కుర్రాడున్నాడు. అడుగున బరువుండే ఆ బొమ్మ ఎన్నిసార్లు పడ్డా లేచేది. ఇతనూ లేస్తాడు, ఆర్డర్ టైమైపోతోంది కదా.

చిక్కల్లా ట్రాఫిక్ పోలీసుతో. కొట్టినవాడికి శిక్ష పడటం చూస్తే పిల్లలు అనుకరించడం తగ్గిస్తారని బండూరాయే 1965లో తేల్చాడు. అందుకే ఖాకీ కనపడగానే మోచేతికి వేలాడే హెల్మెట్ నెత్తికెక్కుతుంది. క్లిప్పు పెట్టక్కర్లేదు, పోలీసుకు అంత దూరం నుంచి కనపడదు. వెనక అమ్మ చున్నీ నంబర్ ప్లేటు మీదికి జారుతుంది. హెల్మెట్ తలను కాపాడేది రోడ్డు నుంచి కాదు, చలాన్ నుంచి అని విద్యార్థికి బోధపడుతుంది.

ఒకవేళ దొరికినా పాఠం వృథా కాదు. ఆ 1965 పిల్లలే, జ్యూసూ స్టిక్కర్లూ ఇస్తామనగానే, శిక్ష చూసినవాళ్లు కూడా మిగతావాళ్లంతగా చేసి చూపించారు. నేర్చుకున్నది లోపలే ఉంది, బేరం కుదరాలంతే. తెలంగాణలో ఆ బేరం ప్రభుత్వమే కుదిర్చింది: పెండింగ్ చలాన్ల మీద బైకులకు 2022లో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గింపు. వెయ్యి చలాన్‌కు రెండొందలు. వచ్చిన వెంటనే కట్టేసిన అమాయకుడికి పైసా వెనక్కి రాలేదు.

ప్రాక్టికల్స్ సాయంత్రమే, హాల్లో. వాడు మూడు చక్రాల సైకిలుతో చెల్లిని గోడకు నొక్కి, "కళ్లు కనబడట్లేదా?" అంటాడు. నాన్న అదిరిపడతాడు. "ఆ ఫోను చూసి చెడిపోతున్నాడే వీడు! చెల్లి మీద చెయ్యెత్తుతావురా?" అంటూ వీపు మీద ఒక్కటిస్తాడు.

చెల్లి ఏడుపు ఆపి, శ్రద్ధగా చూస్తోంది.