ఫైలు సార్ లాగిన్‌లో ఉంది

కిందటేడు జూన్‌లో మా మేనకోడలికి కాలేజీ అడ్మిషన్ కోసం ఆదాయ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. ఊళ్లోని ఆన్‌లైన్ సెంటర్‌లో పావుగంటలో పని అయిపోయింది. ఆధార్, రేషన్ కార్డు స్కాన్ చేశారు, రసీదు చేతిలో పెట్టారు, ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. పది రోజులైనా సర్టిఫికెట్ మాత్రం రాలేదు. తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి ఆపరేటర్ కంప్యూటర్‌లో చూసి, "సార్ లాగిన్‌లో ఉందమ్మా" అన్నాడు. ఏ సారు? ఆర్ఐ సారా, డిప్యూటీ తహసీల్దారా, తహసీల్దారా? ఎందుకు ఆగింది? ఎన్నాళ్లు ఆగుతుంది? వీటికి ఎవరూ జవాబు చెప్పలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు అసలు విషయం బయటపడింది. జిరాక్స్ కాగితాల సెట్టు ఆఫీసులో ఇవ్వలేదట! అప్‌లోడ్ చేసిన కాగితాలనే మళ్లీ ప్రింటు తీసి, రసీదుకు పిన్ను కొట్టి ఇచ్చాం. మర్నాడే డిజిటల్ సంతకం పడింది.

ఇందులో లంచం లేదు, దురుసు మాట కూడా లేదు. ఆపరేటర్ కుర్రాడు పాపం మర్యాదగానే మాట్లాడాడు. అయినా ఆ 'లాగిన్' అనే మాట నన్ను వదల్లేదు. ఒకప్పుడు ఫైలు ఏ బల్ల మీదుందో, ఏ గుమాస్తా చేతి కింద నలుగుతోందో కళ్లకు కనిపించేది. ఆ గుమాస్తాను బతిమాలుకునేవాళ్లు, గొడవైనా పడేవాళ్లు. లాగిన్ అలా కాదు, అది తలుపు కూడా కనిపించని బీరువా.

ఇంటర్నెట్‌తో ప్రభుత్వ సేవలు అనగానే మనవాళ్లకు కొంత గర్వం ఉంటుంది. అది ఉత్తి గర్వమేమీ కాదు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 200కు పైగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులను 'కార్డ్' పేరుతో కంప్యూటరీకరించారు. 1999 చివర్లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' అని ఒక ప్రయోగాత్మక కేంద్రం పెట్టారు. అదే 2001 ఆగస్టులో ఈ-సేవ అయింది. కరెంటు బిల్లుకొక క్యూ, నల్లా బిల్లుకొక క్యూ, ఇంటి పన్నుకొక క్యూ అని సెలవు పెట్టుకుని తిరిగిన తరానికి ఏ కౌంటర్‌లోనైనా ఏ బిల్లయినా కట్టుకోవచ్చనడం ఎంత పెద్ద మార్పో, ఫోన్‌లో రెండు నొక్కుల్లో బిల్లు కట్టేసే నేటి పిల్లలకు అర్థం కాదు. 2011 నవంబరులో రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలకు చెందిన పది సేవలతో మీసేవ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఆ పేరు రెండు వైపులా మిగిలింది. ఇవాళ ఊళ్లో 'మీసేవకు పోయొస్తా' అంటే అది పథకం పేరని ఎవరికీ గుర్తు లేదు, కిరాణా కొట్టు లాంటి మాట అయిపోయింది.

ఈ పాతికేళ్లలో ఏది సుళువైంది, ఏది కాలేదు? దీనికి జవాబు మీసేవ మొదటి రోజుల నుంచి చేసిన విభజనలోనే ఉంది. 'ఎ' కేటగిరీ సేవలకు అప్పటికే కంప్యూటర్‌లో ఉన్న రికార్డును ప్రింటు తీసి ఇస్తే చాలు. భూమి వివరాలుండే పహాణీ నకలు లాంటివి అక్కడికక్కడే చేతికొస్తాయి. 'బి' కేటగిరీలో ఎవరో ఒక అధికారి విచారించి ఔననో కాదనో తేల్చాలి. ఆదాయం, కులం, మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పిడి) ఇందులోవి. వీటికి గడువు పెట్టారు. మొదటి రకంలో మనం నిజంగానే దూసుకుపోయాం. రెండో రకంలో దరఖాస్తు లోపలికి వెళ్లే దారి, సర్టిఫికెట్ బయటికొచ్చే దారి నున్నగా సిమెంటు చేశాం. మధ్యలోని గది మాత్రం పాతదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత అందరికీ తెలిసిందే. ఇక్కడైతే పూజారి ఎవరో తెలియకుండా గర్భగుడికి తెర వేశారు.

ఈ మధ్య గదిలో తప్పు దొర్లితే ఏమవుతుందన్నది అసలు పరీక్ష. దానికి తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ 'ధరణి' కంటే పెద్ద పాఠం దేశంలో మరొకటి ఉందనుకోను.

2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణి మొదలైనప్పుడు చెప్పిన మాటల్లో చాలావరకు నిజం ఉంది. రికార్డులో పేరు సరిగ్గా ఉన్న రైతు స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళితే, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో అయ్యాయి. రిజిస్ట్రేషన్ ఒకచోట చేయించుకుని, పేరు మార్పిడి కోసం ఏళ్లపాటు మరోచోట తిరిగిన వాళ్లకు దాని విలువ తెలుసు. ధరణిని తిట్టేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు. దాటేయకూడదు.

కానీ ఆ పోర్టల్‌లోకి ఎక్కిన రికార్డు ఎక్కడిది? 2017 సెప్టెంబరులో మొదలుపెట్టి కొన్ని నెలల్లో హడావుడిగా ముగించిన భూ రికార్డుల ప్రక్షాళన నుంచి వచ్చింది. వివాదం లేనివన్నీ పార్ట్-ఎ, తేలనివన్నీ పార్ట్-బి. మన దగ్గర భూమి లెక్క ఎకరాలు, గుంటలు. 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఎక్కించేవాడి వేలు జారి 1.02 అని పడితే పద్దెనిమిది గుంటలు గాల్లో కలిసిపోతాయి. సర్వే నంబరు పక్కన బై నంబరు ఒకటి తప్పినా, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడినా అంతే. ఇలాంటి పొరపాట్లు కాగితం రోజుల్లోనూ ఉండేవి. అప్పుడు వీఆర్వో దగ్గర మొదలుపెట్టి తహసీల్దార్, ఆర్డీవో అంటూ ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు ఎక్కేవాళ్లు. 2020 చట్టాలు వీఆర్వో వ్యవస్థను తీసేశాయి, రెవెన్యూ కోర్టులనూ తీసేశాయి. సరిదిద్దే పని చాలావరకు జిల్లా కలెక్టర్ చేతికి పోయింది. జిల్లా మొత్తానికి ఒక్క లాగిన్! ఊళ్లో టైపింగ్ తప్పు దిద్దడానికి జిల్లా కేంద్రంలో కలెక్టర్‌కు తీరిక దొరకాలి.

ఆ కాలంలో రైతులు ఒక కొత్త భాష నేర్చుకున్నారు. 'టీఎం-33 పెట్టిన' అని ఊళ్లలో ముసలివాళ్లు కూడా అనేవాళ్లు. సవరణ దరఖాస్తులకు పోర్టల్‌లో ఒక్కో రకానికి ఒక్కో మాడ్యూల్ నంబరు ఉండేది, తప్పు నంబరులో పెడితే తిరస్కరణే. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు రోగి తన జబ్బుకు లాటిన్ పేరు తెలుసుకుని రావాలన్నట్టు ఉండేది ఆ పద్ధతి. 2024లో కొత్త ప్రభుత్వం సవరణ అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు పంచింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతిని ప్రారంభించి అప్పీలు మెట్లను మళ్లీ తెచ్చింది, రెవెన్యూ సదస్సులు పెట్టి ఊళ్లలోనే దరఖాస్తులు తీసుకుంది. అంటే పోర్టల్ మార్చినంత మాత్రాన పని జరగదని, నిర్ణయించే అధికారాన్ని మనిషికి అందే ఎత్తులో పెట్టాలని ప్రభుత్వానికీ అర్థమైందన్నమాట. ఈ సంగతి తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

ధరణిలో రైతుకు కనీసం తన తప్పు తెరమీద కనిపించేది. సమగ్ర వేదికలో అదీ లేదు. తెలంగాణ ప్రభుత్వం దాదాపు 30 శాఖల డేటాను కలిపి తయారుచేసుకున్న ఈ వ్యవస్థ ఎవరి పేరు మీద కారుంది, ఎవరికి ఇల్లుంది, ఎవరు ఉద్యోగి అని పేర్లు, చిరునామాలు పోల్చి చూసి అర్హుల జాబితా వడపోస్తుంది. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట ఒక్క అక్షరం. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు అరడజను మంది. పేరు దగ్గరగా ఉన్న వేరొకరి కారు ఒక పేదవాడి ఖాతాలో పడితే రేషన్ ఆగిపోతుంది. డీలర్‌ను అడిగితే 'మిషన్‌లో పేరు రావట్లే' అంటాడు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని తెలంగాణను ఆదేశించాల్సి వచ్చింది. కంప్యూటర్ చేసిన పనిని మనుషులు ఇంటికి వెళ్లి చూసి రమ్మని చెప్పింది దేశ అత్యున్నత న్యాయస్థానం.

ఆంధ్రప్రదేశ్ దారి వేరు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు నెట్‌ను, మనిషిని ఒకేచోట కూర్చోబెట్టాయి. 15 వేల సచివాలయాలు, పల్లెల్లో ఒక్కోదానికి సుమారు రెండు వేల జనాభా, పైన అప్పట్లో యాభై ఇళ్లకొక వలంటీర్ ఉండేవారు. రాజకీయంగా ఆ వలంటీర్ల మీద ఎన్ని విమర్శలున్నా, వాళ్లను పక్కన పెట్టినప్పుడు ఏం జరిగిందో 2024 వేసవిలో చూశాం. ఎన్నికల సంఘం ఆంక్షలతో ఏప్రిల్‌లో పింఛను కోసం అవ్వాతాతలు ఎండలో సచివాలయాల దాకా నడిచారు. మే నెలలో డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేస్తే బ్యాంకుల ముందు బారులు తీరారు. లెక్క ప్రకారం ఆన్‌లైన్ బదిలీ కంటే వేగమైనది లేదు. డెబ్బై దాటిన మనిషికి ఆ వేగం బ్యాంకు గుమ్మం దగ్గర ఆగిపోయింది. జులై 1 నుంచి కొత్త ప్రభుత్వం కూడా సచివాలయ సిబ్బందితో ఇంటికే పంపింది.

ఇప్పుడు అక్కడ 'మన మిత్ర' నడుస్తోంది. 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. మంచిదే. కొత్త యాప్ డౌన్‌లోడ్ చేసుకోమని, పాస్‌వర్డ్ పెట్టుకోమని అడగకుండా జనం రోజూ వాడే చోటికే ప్రభుత్వం రావడం తెలివైన పని. అయితే వాట్సాప్ కూడా దరఖాస్తు లోపలికి వెళ్లే ఇంకో దారి మాత్రమే, లోపలి గది సంగతి దానికి తెలియదు. ఓటీపీల గొడవా ఉండనే ఉంది. ఇంట్లో ఒకే ఫోను, అది కొడుకు జేబులో. ఇక తెలంగాణలో జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాల అవస్థ మరో రకం. రేషన్ కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ వేలిముద్ర వేయాలంటే దుబాయ్‌లో ఉన్న మనిషి వేలు ఎక్కడి నుంచి తెస్తారు?

నన్నడిగితే సర్టిఫికెట్ ఎంత తొందరగా ఇస్తున్నారన్న పోటీయే తప్పు పోటీ. అసలు ఆ సర్టిఫికెట్ ఎందుకు అడుగుతున్నారు? మా మేనకోడలి కుటుంబ ఆదాయం గురించి ప్రభుత్వం దగ్గర ఒక అంచనా ఉంది, ఉండబట్టే వాళ్లకు రేషన్ కార్డు ఇచ్చింది. ఒక శాఖకు తెలిసిన సంగతిని మరో శాఖకు చెప్పడానికి పద్దెనిమిదేళ్ల పిల్ల రసీదు పట్టుకుని నాలుగుసార్లు తిరిగింది. ఎస్తోనియా అనే చిన్న దేశం ఉంది, జనాభా 13 లక్షలు, మన పెద్ద జిల్లాల కంటే తక్కువే. పౌరుడు ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని ప్రభుత్వం రెండోసారి అడగకూడదన్నది అక్కడి నియమం. 2001 నుంచి శాఖల డేటాను కలిపే ఎక్స్-రోడ్ అనే ఏర్పాటు ఉంది. తన వివరాలు ఏ అధికారి చూశాడో పౌరుడు కూడా చూసుకోవచ్చు. చిన్న దేశం కాబట్టి వాళ్లకు కుదిరిందంటారు. సరే, మన తెలంగాణలో చూద్దాం. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. తర్వాత సమగ్ర వేదిక వచ్చింది. 2023 డిసెంబరులో ప్రజాపాలన పేరుతో మళ్లీ కాగితం ఫారాలు పంచి, కోటికి పైగా దరఖాస్తుల మీద ఆధార్ నంబరు, రేషన్ కార్డు నంబరు చేత్తో రాయించుకుని, వాటిని ఆపరేటర్లతో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. 2024 నవంబరులో ఇంకో ఇంటింటి సర్వే. రేషన్ కోయడానికి శాఖల డేటా కలుస్తుంది. ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఫారం నింపమంటారు.

పెద్ద పెద్ద వేదికలు కట్టేలోపు చిన్న పని ఒకటి చేయొచ్చు. స్టేటస్ పేజీలో 'అండర్ ప్రాసెస్' అన్న మాట తీసేయాలి. దాని స్థానంలో ఏ హోదా అధికారి దగ్గర ఎన్నో రోజు నుంచి ఉందో, ఏ కాగితం తక్కువైందో, తిరస్కరిస్తే కారణమేమిటో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో తెలుగులో రాయాలి. ఈ వివరాల్లో చాలావరకు కంప్యూటర్‌కు ఇప్పటికే తెలుసు, ఎవరి లాగిన్‌లో ఎప్పుడు పడిందో నిమిషాలతో సహా అందులో నమోదై ఉంటుంది. మధ్యప్రదేశ్ 2010లోనే సేవల హామీ చట్టం చేసి, గడువు దాటితే రోజుకు 250 రూపాయల చొప్పున అధికారికి జరిమానా అని రాసింది. అక్కడ అది ఎంత గట్టిగా అమలవుతోందన్నది వేరే చర్చ. కనీసం ఆలస్యానికి ఒక మనిషిని బాధ్యుణ్ణి చేసింది.

మేనకోడలు ఇప్పుడు రెండో సంవత్సరంలోకి వచ్చింది. ఆదాయ సర్టిఫికెట్‌కు విలువ ఏడాదే. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఈసారి జిరాక్సులు ముందే తీసి పెట్టుకున్నా" అంది.