పచ్చ లైటు పడినా కదలని కూడళ్లు

బెంగళూరు ట్రాఫిక్ మాట ఎత్తితే చాలు, "ఇన్ని బండ్లుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు" అని మనవాళ్లు పెదవి విరుస్తారు. నేను ఒప్పుకోను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి మారతహళ్లి దాకా రోజూ కారు నడుపుతాను. ప్రయాణంలో పోయే సమయంలో సగానికి పైగా కూడళ్ల దగ్గరే పోతోంది.

సర్జాపుర రోడ్డు ఔటర్ రింగ్ రోడ్డును కలిసే ఇబ్లూరునే చూడండి. మనకు పచ్చ లైటు పడుతుంది, ముందున్న కారు మాత్రం కదలదు. అవతల చోటు లేకపోయినా చివరి క్షణంలో దూరిన అడ్డంగా వెళ్లే రోడ్డు బండ్లు కూడలి మధ్యలో ఇరుక్కుని ఉంటాయి. సిగ్నల్ మీది అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చేసరికి దాటేది రెండు మూడు బండ్లే. తర్వాత వాళ్ల వంతు వస్తుంది. ఇప్పుడు మనవైపు బండ్లు వాళ్లకు అడ్డం. ఒకరి కోసం ఒకరు ఆగి, ఎవరూ కదలరు. వెనుక వరుస పెరిగి పెరిగి వెనకటి కూడలిని కూడా మూసేస్తుంది.

అవతల ఖాళీ లేకపోతే పచ్చ లైటున్నా కూడలి మధ్యలో గీసిన పసుపు గీతల గడిలోకి వెళ్లకూడదు. ఆ గీతలు చాలాచోట్ల అరిగిపోయాయి, ఉన్నచోట వాటి అర్థం ఎవరూ చెప్పరు. ఎర్ర లైటు దాటినవారిని, హెల్మెట్ లేనివారిని కెమెరాలు పట్టుకుంటున్నాయి. గడిలో ఆగినవారికీ అంతే కచ్చితంగా చలాను పడాలి.

బస్ స్టాపుల సంగతి మరీ అన్యాయం. కూడలి దాటీ దాటగానే బస్సు ఆగుతుంది, దాని వెనుక ఆటోలు మూగుతాయి, అక్కడికి దారి సగం పోయినట్టే. శుక్రవారం రాత్రి మారతహళ్లిలో, మడివాళలో మన ఊళ్లకు వెళ్లే ప్రైవేటు బస్సులు రోడ్డు పక్కనే నిలబడి సామాన్లు ఎక్కిస్తాయి. ఎక్కేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. వాటికి కూడలికి దూరంగా వేరే చోటు కావాలని మనమే గట్టిగా అడగాలి.

ఇక నడిచేవాళ్లు. డివైడర్ మీద ఒక పెద్దావిడ కూరగాయల సంచితో, చెయ్యి ఎత్తి, ఒక్కరైనా ఆగుతారేమోనని చూస్తూ నిలబడుతుంది. ఆమె దాటడానికి సిగ్నల్‌లో సమయమే కేటాయించలేదు. దీనికి ఏ సమర్థనా లేదు.

ఇవి సరిచేయనిది డబ్బు లేక కాదు. 2024 జూలైలో రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు వైపు డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ తెరిచారు, 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో వచ్చింది. రెండూ మంచివే, మెట్రో మరీ మంచిది. అయితే ఫ్లైఓవర్ బండ్లను త్వరగా తీసుకెళ్లి తర్వాతి సిగ్నల్ దగ్గరే దించుతుంది. రద్దీని బట్టి సమయం మార్చుకునే సిగ్నళ్లు వచ్చినా, కూడలి మధ్య నిండిపోయాక ఆ తెలివి పనికిరాదు. చివరికి కానిస్టేబులే నడి రోడ్డులో నిలబడి చేత్తో నడిపించాలి. పొగలో గంటల తరబడి నిలబడే ఆ మనిషి మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు.

అసలు లోపం వేరే ఉంది. రోడ్డు నగరపాలికది, సిగ్నల్ పోలీసులది, బస్సు రవాణా సంస్థది. కూడలి మాత్రం ఎవరిదీ కాదు. 2025 సెప్టెంబరులో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు నగరపాలికలు ఏర్పడ్డాయి కాబట్టి అడగడానికి ఇదే సమయం: ప్రతి పెద్ద కూడలికి ఒక ఇంజినీరు బాధ్యుడిగా ఉండాలి, ఆయన పేరు, ఫోను నంబరు అక్కడే బోర్డు మీద ఉండాలి. గీతలు అరిగినా, స్టాపు మార్చాలన్నా ఆయననే అడగాలి.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఇబ్లూరుతో మొదలుపెట్టవచ్చు. ఉదయం, సాయంత్రం ఫొటోలు తీసి, వాటి మీద సమయం వేసి, అర్జీ కన్నడంలో రాసి, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోని కన్నడిగులతో కలిసి సంతకాలు చేసి నగరపాలికకు, ట్రాఫిక్ పోలీసులకు ఒకే రోజు ఇద్దాం. అర్జీ రాసే పని నేను తీసుకుంటాను.