కథను మింగేస్తున్న కబుర్ల ఛానళ్లు
1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో తొలి మడ్ (చాలామంది కంప్యూటర్ల ద్వారా ఒకేసారి కలిసి ఆడే, బొమ్మలు లేని అక్షరాల ఆట) పుట్టిన నాటి నుంచి ఈ ఆటలకు ఆధారం అక్షరమే. అడవి వర్ణన, శత్రువు దెబ్బ, తోటి పాత్ర కన్నీరు, అన్నీ ఒకే తెరపై పైకి జరిగిపోయే పంక్తులే. వాటి మధ్యలోకే ఆటలో ఉన్న అందరికీ కనిపించే గాసిప్ ఛానల్ కబుర్లు, వేలం ప్రకటనలు వచ్చి పడుతుంటే ఆటగాడు దేన్ని చదవాలి? నా పాత్ర మరణశయ్యపై ఉన్న గురువు చివరి మాట వింటున్న క్షణంలోనే ఒకరు కత్తిని అమ్మకానికి పెడతారు, మరొకరు నిన్నటి మ్యాచ్ గురించి వాదిస్తారు. వెనక్కి వెళ్లి వెతికేసరికి ఆ మాట ఎక్కడో కొట్టుకుపోయి ఉంటుంది. ఛానల్ ఆపేసుకోవచ్చు కదా అంటారు. నేను ఆడే ఆటలో దాన్ని ఆపితే సాయం అడిగే దారి కూడా మూసుకుపోతుంది! కబుర్లకు వేరే కిటికీ ఇవ్వడం అంత కష్టమా? ఆలోచించి ఒక్కో వాక్యం రాసే మనిషికి ఆ మాత్రం నిశ్శబ్దం దక్కకూడదా?