నడిచేవాళ్లకు చట్టంలో చోటెంత?

విజయవాడ గవర్నర్‌పేట నుంచి బస్టాండుకు రెండు కిలోమీటర్ల లోపే. నడిస్తే పాతిక నిమిషాలు, సైకిల్‌పై పది. అయినా చాలామంది బండి తీస్తారు, లేదా ఆటో ఎక్కుతారు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. ఏలూరు రోడ్డులో నడిచే మనిషిని ట్రాన్స్‌ఫార్మర్, దుకాణం మెట్లు, డ్రెయిన్ మీద లేచిన బండ, అడ్డంగా పెట్టిన బైకులు మాటిమాటికీ వాహనాల మధ్యకు దించేస్తాయి.

చట్టం ఏం చేసింది? 2019 మోటారు వాహనాల సవరణలో వచ్చిన సెక్షన్ 138(1ఏ), పాదచారులు, సైకిళ్ల విషయంలో రూల్స్ చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆరు నెలల్లో ఆ రూల్స్ తేవాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే సవరణలోని 198ఏ, రోడ్డు డిజైన్ లోపానికి లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది. కానీ ఆ లోపంతో ఎవరైనా చనిపోయాకో, వికలాంగులయ్యాకో మాత్రమే అది పనికొస్తుంది. అంతకుముందే పని చేసే నిబంధన కావాలి.

బ్రిటన్‌లోని వేల్స్ 2013లో చేసిన చట్టం ప్రకారం స్థానిక సంస్థలు నడక, సైకిల్ దారులకు మ్యాపులు గీయాలి, వాటిని ఏటా మెరుగుపరచాలి. మ్యాపులు వచ్చాయి. నడిచేవాళ్లు మాత్రం ఆశించినంత పెరగలేదు. కాబట్టి మన రూల్స్ మ్యాపు దగ్గర ఆగకూడదు. ఏ వార్డులో ఏటా ఎన్ని మీటర్ల దారి, ఏ పద్దు నుంచి, ఏ ఇంజినీరు బాధ్యత అన్నవి అందులోనే రాయాలి.

కొలతలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకం ఐఆర్‌సీ 103 ప్రకారం ఫుట్‌పాత్ ఇళ్ల ప్రాంతంలో 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతంలో 2.5 మీటర్లు ఏ అడ్డూ లేకుండా ఉండాలి. స్తంభాలు, చెట్లు ఈ వెడల్పుకు బయట. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊళ్లో చెట్టు నీడను కూడా దారిలో భాగంగానే లెక్కించాలి. బైకులు ఎక్కకుండా దిమ్మెలు పాతితే సరిపోతుందనుకోవడం పొరపాటు. చక్రాల కుర్చీకి కనీసం 90 సెంటీమీటర్ల సందు కావాలి, బైకు హ్యాండిల్ 75 సెంటీమీటర్లే. ఆ సందులో బైకూ దూరుతుంది. అక్కడ చలానా తప్ప వేరే దారి లేదు.

రోడ్డు దాటే సిగ్నల్‌కూ లెక్క కావాలి. 24 మీటర్ల రోడ్డును సెకనుకు 1.2 మీటర్ల చొప్పున దాటితే 20 సెకన్లు. వయసు మళ్లినవాళ్ల నడకకు 30 కావాలి, రూల్స్‌లో ఆ లెక్కే ఉండాలి.

బీసెంట్ రోడ్డు చిరువ్యాపారుల్ని తరిమేయడం పరిష్కారం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద పట్టణ వెండింగ్ కమిటీ జాగాలు గీసి ఇస్తే నడిచేవాళ్ల దారి, వ్యాపారుల బతుకుతెరువు రెండూ నిలుస్తాయి. గుంటూరు బ్రాడీపేటలో లైన్లనే వీధులకు వేరే సైకిల్ ట్రాక్ అక్కర్లేదు, వేగం గంటకు 30 కిలోమీటర్లకు దించితే చాలు. అక్కడ అసలు చిక్కు రైలు పట్టాలు దాటడం.

అన్నిటికన్నా ఎవరూ పట్టించుకోనిది తారు. 15 సెంటీమీటర్ల అంచున్న ఫుట్‌పాత్ పక్కన నాలుగైదు సెంటీమీటర్ల తారు రెండుసార్లు పరిస్తే అంచు సగానికి పైగా మునుగుతుంది. ఆపై బైకులు సులువుగా ఎక్కుతాయి, వాన నీళ్లూ ఎక్కుతాయి. పాత పొర గీకకుండా కొత్తది వేస్తే బిల్లు ఆపేయాలని రూల్స్‌లో ఒక్క వాక్యం రాయాలి.