మా దగ్గర ఎవరూ పడరు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిపి వెతికినా అరవై దాటినవాళ్లలో 'పడ్డ' మనిషి దొరకడు. మనవాళ్లు పడరు. కాలు జారుతుంది, కండ్లు తిరుగుతాయి, గడప తాకుతుంది. ఏ వాక్యంలో చూసినా కర్త ఇంకెవరో. బాపు మాత్రం ఏ పాపం ఎరుగనట్టు నేలమీద కనిపిస్తాడు.

ఈ వ్యాకరణాన్ని డాక్టరు గదిలోనూ కాపాడాలన్నది ఇంటిల్లిపాది ఒప్పందం. "ఈ ఏడాదిల ఎప్పుడన్నా పడ్డరా?" అంటే "లేదు సార్" అనాలి. ఆ మాట కొడుకే అనేస్తే బాపు నోటికి శ్రమ కూడా తప్పుతుంది.

చిక్కేమిటంటే, డాక్టరుకు కావలసింది ఆ దాచిపెట్టిన క్రియాపదాలే. లేవగానే కండ్లు తిరిగాయంటే, ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూస్తారు. నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూస్తారు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దొంగ దొరికినట్టే. కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి చూసే బీపీకి ఈ దొంగ చిక్కడు. చెప్పు ఊడినా తెలియడం లేదంటే షుగర్ అరికాలి నరాలను తినేసిందేమోనని చూస్తారు. మెట్టు అంచు మసకగా ఉందంటే శుక్లమో, కళ్లద్దాల కింది ముక్కలోంచి మెట్లు చూస్తున్నాడో తేలుతుంది.

ఇక గోళీలు. చీటీలో నాలుగు, ఇంట్లో డబ్బాలో తొమ్మిది. నిద్రగోళీ, జలుబుగోళీ, ప్రోస్టేటుకు ఇంకో డాక్టరు రాసింది, ఊళ్లో ఆర్‌ఎంపీ పొట్లం కట్టిచ్చింది. వీటిని సంచిలో వేసుకుని పోతే పెద్ద డాక్టరు నొచ్చుకుంటాడట! రాత్రి రెండింటికి నిద్రగోళీ మత్తులో, ప్రోస్టేటు గోళీ దించిన బీపీతో, మంచం అంచున ఒక్క నిమిషమైనా కూర్చోకుండా దిగ్గున లేచేది మాత్రం ఈ బాపే. (తొమ్మిదీ ఒకేరోజు బంద్ పెట్టే శూరులూ ఉన్నారు. వాళ్లకు వేరే వ్యాసం కావాలి.)

కుర్చీ పరీక్ష చూసి తీరాలి. లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పట్టిందంటే కిందపడే ముప్పున్నట్టు. రోజూ పట్టుకునే కర్ర పట్టుకునే నడవాలి. బాపు కర్రను చెప్పుల దగ్గరే వదిలి, కండువా సర్దుకుని, సిపాయిలా తొమ్మిది సెకన్లలో ముగిస్తాడు. ఇంట్లో తొడలమీద చేతులు ఆనించి, రెండుసార్లు ఊగి, మూడో ఊపుకు "హనుమంతా" అని లేస్తాడన్నది అవ్వకే తెలుసు. అవ్వను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి నిలబెట్టిన ఊరిది. మన బాత్రూంలో ఒక్క గ్రాబ్ బార్ (ఆసరాకు పట్టుకునే కడ్డీ) పెట్టమంటే "దవాఖాన లెక్క కనవడ్తది" అంటారు. ఆ కొలువు టవల్ రాడ్‌కు ఇచ్చారు. దాని స్క్రూలు చిన్న ప్లాస్టిక్ ప్లగ్గుల్లో ఉంటాయి. తడి తువ్వాలు బరువుకు సరిపోతాయి, 70 కిలోల బాపుకు సరిపోవు. సబ్బునీళ్ల టైలు మీద కాలు జారి పట్టుకున్నాడో, రాడ్ కూడా ఆయన వెంటే వస్తుంది. అసలు బార్‌ను టైలు దాటి గోడలోకి దిగే బోల్టులతో, నేలనుంచి 33-36 అంగుళాల ఎత్తున బిగిస్తారు.

"మోచేతికి ఆ కట్టేంది పెద్దాయనా?"

"ఏం లేదు సార్, తలుపు తాకింది."